బిట్ల చదువుతో హాట్ సీటు అందదు

సంపాదకులకు నమస్కారం.

టీవీ క్విజ్ పోటీలకు వెళ్లాలనుకునేవారి కోసం మీ విద్యా పేజీలో కొంతకాలంగా బిట్లు వేస్తున్నారు. ఎత్తయిన శిఖరం ఏది, పొడవైన నది ఏది, ఫలానా దేశపు కరెన్సీ ఏది అని ప్రశ్న, పక్కనే జవాబు. గ్రూప్స్ రాసేవారికి వీటితో ఎంతో కొంత మేలు జరుగుతుంది. 'కౌన్ బనేగా కరోడ్‌పతి' (కేబీసీ)కి గానీ, మన తెలుగులో 2014లో మా టీవీలో మొదలై, 2021లో జెమినీలో పేరు కాస్త మార్చుకుని మళ్లీ వచ్చిన కోటీశ్వరుడి ఆటకు గానీ వెళ్లేవారికి మాత్రం ఇవి పావు వంతు తయారీ కూడా కాదు. పాఠశాలల్లో, కళాశాలల్లో క్విజ్‌లు నడుపుతూ, ఇలాంటి పోటీలకు అభ్యర్థులను తయారుచేసే కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడవైనదే, దయచేసి కత్తిరించకుండా వేయగలరు.

ఈ ఆటలో ఓడినవాళ్లలో చాలామందిని ఓడించింది తెలియని జవాబు కాదు. వేలు ముందో మెదడు ముందో తేల్చుకోకపోవడం, లైఫ్‌లైన్ తప్పుడు చోట ఖర్చు చేయడం, నిర్భయంగా ఆడాల్సిన మెట్టు మీద భయపడి, ఆగాల్సిన మెట్టు మీద తెగించడం వల్లే ఎక్కువమంది వెనక్కి వచ్చారు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని సాధన చేయగలిగినవే. కానీ ఏ బిట్ బ్యాంకులోనూ ఉండవు.

ముందు ఎంపిక సంగతి క్లుప్తంగా. సీజన్ సీజన్‌కు పద్ధతి కొంత మారుతుంది గానీ మూలం ఒకటే. రిజిస్ట్రేషన్ రోజుల్లో టీవీలో రోజుకో ప్రశ్న వేస్తారు. యాప్ ద్వారానో, ఎస్సెమ్మెస్ ద్వారానో జవాబు పంపాలి. సరైన జవాబులు లక్షల్లో వస్తాయి కాబట్టి వాటిలోంచి కంప్యూటర్ కొందరిని తీస్తుంది. ఇక్కడ జ్ఞానంతో పని లేదు, అదృష్టమే. అందుకే ఒక్క రోజు పంపి ఊరుకోకుండా అన్ని రోజులూ పంపాలి. తరువాత తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది, దాంట్లో మరికొన్ని ప్రశ్నలుంటాయి. కొత్త నంబరు కనబడగానే కట్ చేసే అలవాటున్నవారు ఆ కొన్ని వారాలు దాన్ని మానుకోవాలి. ఆ పైన ఆడిషన్: ఒక జనరల్ నాలెడ్జ్ పరీక్ష, ఒక ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమంటారు. ఇది చూసేవారి కోసం తీసే కార్యక్రమం కాబట్టి బాగా మాట్లాడేవారు వాళ్లకు కావాలి. అలాగని ఇంటి అప్పులన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదు. అక్కడ చెప్పిన ప్రతి ముక్కా రేపు ఊరంతా చూస్తుంది. ఏం పని చేస్తారు, దేని మీద ఆసక్తి, డబ్బు దేనికి అనే మూడు సంగతులు ఒక్క నిమిషంలో తడబడకుండా చెప్పగలిగితే చాలు. ప్రభుత్వోద్యోగులైతే పై అధికారి నుంచి రాతపూర్వక అనుమతి ఆడిషన్ నాటికే తెచ్చుకోవడం మంచిది. రికార్డింగ్ తేదీ ఖాయమయ్యాక అడిగితే ఫైలు కదిలేసరికి షో అయిపోతుంది.

ఇక అసలు గండం ఫాస్టెస్ట్ ఫింగర్. పదిమంది కూర్చుంటారు, ఒక్కరే హాట్ సీటుకు వెళతారు. నాలుగు ఆప్షన్లను అడిగిన వరుసలో పేర్చాలి. సమయాన్ని సెకనులో నూరో వంతు దాకా లెక్కిస్తారు. బిట్లు బట్టీ పట్టినవారు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఎందుకంటే ఏ బిట్టూ వరుస అడగదు. నాగార్జునసాగర్ ఏ నది మీద ఉంది అంటే పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. జూరాల, పులిచింతల, శ్రీశైలం, నాగార్జునసాగర్ - వీటిని కృష్ణ పారే దారిలో ఎగువ నుంచి దిగువకు పేర్చండి అంటే పట్టభద్రుడు కూడా అర నిమిషం గాలిలో బొమ్మ గీస్తాడు. జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల అని పేర్చేలోపు పక్కవాడు సీట్లోంచి లేస్తాడు.

ఇక్కడ జరిగే తప్పులు నాలుగు రకాలు. మొదటిది దిశ. 'చిన్నదాని నుంచి పెద్దదానికి' అన్నారా, 'పెద్దదాని నుంచి చిన్నదానికి' అన్నారా అన్నది వినకుండా ఆప్షన్ల కోసం ఎదురుచూడటం. అన్నీ తెలిసీ తలకిందులుగా కొట్టేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. వ్యాఖ్యాత ప్రశ్న చదువుతున్నప్పుడే దిశ చెప్పే మాటను పట్టుకుని పెదవుల మీద ఒకసారి అనుకోవాలి. రెండోది తొలి మీట తొందర. మొదటిది తెలియగానే నొక్కి, రెండోదాని కోసం ఆలోచిస్తూ ఆగిపోతారు. అప్పుడు తొలి ఊహే తప్పని తోస్తే చెరిపి మళ్లీ కొట్టాలి, రెట్టింపు సమయం పోతుంది. ముందు రెండు చివరలూ తేల్చుకోవాలి, అంటే అన్నిటికన్నా ముందుది, అన్నిటికన్నా వెనకది. మిగిలిన రెంటిలో ఏది ముందో చూసుకుని, అప్పుడు నాలుగూ ఒక ఊపులో నొక్కాలి. మూడోది మీట సరిగా పడకపోవడం. మన ఫోన్ తెరకు అలవాటైన వేలు మెత్తగా తాకి వదిలేస్తుంది. రిహార్సల్‌లో ఆ పరికరం ఇస్తారు. ఎంత గట్టిగా నొక్కాలి, చివర ఓకే నొక్కాలా అక్కర్లేదా, తప్పు కొడితే ఎలా చెరపాలి అన్న మూడూ అప్పుడే అడిగి తెలుసుకోవాలి. నాలుగోది అనవసరపు వేగం. చాలాసార్లు పదిమందిలో సరైన వరుస కొట్టేది ఇద్దరో ముగ్గురో. అలాంటి ప్రశ్నకు నిదానంగా సరిగా కొట్టినవాడే గెలుస్తాడు, మెరుపు వేగంతో తప్పు కొట్టినవాడికి దక్కేది సున్న.

సాధనకు పెద్ద సరంజామా ఏమీ వద్దు. రెండు వందల అట్టముక్కలు, ఒక్కోదాని మీద నాలుగు పేర్లు, వెనక సరైన వరుస. ఇంట్లో ఒకరు చదవాలి, మీరు ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు గుండీల మీద కొట్టాలి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోవాలి. మొదట్లో పదిహేను సెకన్లు పడుతుంది. ఆరుకు దిగేదాకా సాధన మానొద్దు. ప్రశ్నలు ఎలా ఉండాలంటే: ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్, తెలంగాణ ఏర్పడిన వరుస. మొదటి మూడూ 2000 నవంబరులోనే, 1న, 9న, 15న. తెలంగాణ 2014 జూన్ 2న. ఇనుము, రాగి, వెండి, బంగారం పరమాణు సంఖ్యల వరుస 26, 29, 47, 79. గోదావరి వెంట బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమహేంద్రవరం. పటం చూసి ఇలాంటివి అల్లడం పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది. మీ పేజీకి మా మొదటి విన్నపం ఇదే: పది బిట్లలో రెండు తీసేసి రోజుకు రెండు వరుస ప్రశ్నలు వేయండి. జవాబులు అదే పేజీలో కాకుండా మర్నాడు వేయండి.

హాట్ సీటు ఎక్కాక ఆట పూర్తిగా మారిపోతుంది. 2000 జూలై 3న కేబీసీ మొదలైనప్పటి మెట్లనే ఉదాహరణగా తీసుకుందాం: 1,000, 2,000, 3,000, 5,000, 10,000, 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000, 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. 10,000 దగ్గర ఒక మజిలీ, 3,20,000 దగ్గర మరొకటి. అక్కడిదాకా చేరినవారికి ఆ తరువాత తప్పు చెప్పినా ఆ సొమ్ము ఖాయం. ఇప్పటి మెట్లు, మజిలీలు కొంత వేరుగా ఉండొచ్చు. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మజిలీ దాటిన వెంటనే వచ్చే ప్రశ్న, అంటే ఆరోది, పదకొండోది, పూర్తిగా ఉచితం. 3,20,000 దగ్గర నిలబడి పదకొండో ప్రశ్నకు తప్పు చెప్పినా దక్కేది అదే 3,20,000. కాబట్టి అక్కడ ఆట మానేయడమంత అమాయకత్వం మరొకటి లేదు. ఏమీ తెలియకపోయినా నాలుగింట్లో ఒకటి చెప్పాల్సిందే. అయినా అక్కడ చేతులు జోడించి లేచిపోయేవారిని టీవీలో చూస్తూనే ఉంటాం.

మిగతా మెట్లలో ఎంత నమ్మకం ఉంటే తెగించాలి? ఇది చిన్న లెక్క. ఇప్పుడు ఆగితే వచ్చేదాంట్లోంచి తప్పితే మిగిలేది తీసేయండి, అది పోగొట్టుకునేది. సరైతే వచ్చేదాంట్లోంచి తప్పితే మిగిలేది తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 6,40,000 దగ్గర నిలబడి 12,50,000 ప్రశ్న ఎదురైతే, 3,20,000ను 9,30,000తో భాగిస్తే 34 శాతం వస్తుంది. అంటే మూడింట ఒక వంతుకు కాస్త మించిన నమ్మకం ఉన్నా లెక్క ప్రకారం ఆడొచ్చు. 12,50,000 దగ్గర 25 లక్షల ప్రశ్నకు 43 శాతం కావాలి. 25 లక్షల దగ్గర 47, 50 లక్షల దగ్గర 48. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడుతున్నవారు మొదటి మజిలీ దాటాక అన్ని మెట్లలోనూ ఆడొచ్చునని ఈ లెక్క చెబుతుంది.

పదో ప్రశ్న ఒక్కటే తికమక పెడుతుంది. 1,60,000 దగ్గర నిలబడి తప్పితే 10,000కు పడిపోతాం. పై లెక్కన 48 శాతం నమ్మకం కావాలి. కానీ సరైతే వెనకే ఉచిత ప్రశ్న ఒకటి ఉంది. దానికి గుడ్డిగా కొట్టినా నాలుగింట ఒక వంతు అవకాశంతో మరో 3,20,000, అంటే సగటున 80,000 విలువ. దాన్ని కలుపుకుంటే 48 కాస్తా 38కి దిగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పదో మెట్టు ముందు ఆగిపోయినవారు ఎందరో.

అయితే సగటు లెక్క జీవితానికి సరిపోదు. ఈ ఆట ఒక్కసారే ఆడతాం, వందసార్లు కాదు. ఎనిమిది లక్షల అప్పు ఉన్న మనిషికి 12,50,000 ఒక రకం, పాతిక లక్షలు మరో రకం. అందుకే ఇంట్లో అందరూ కూర్చుని, 'ఈ మొత్తం చేతికొస్తే ఇక రెండు ఆప్షన్ల సందేహంతో ఆడను' అనే గీత ముందే గీసుకోవాలి. దీపాల వేడిలో, వ్యాఖ్యాత నవ్వు ముందు, కెమెరా ఎదుట గీసే గీత నిలవదు.

లైఫ్‌లైన్ల విషయంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. ఆడియన్స్ పోల్ సినిమా, క్రికెట్, పండుగ, వంట, నిత్యం వార్తల్లో ఉండే మనుషుల గురించిన ప్రశ్నలకు బ్రహ్మాస్త్రం. తేదీలు, సంధులు, శాస్త్రజ్ఞుల పేర్లు అడిగినప్పుడు అదే మెజారిటీ ముంచుతుంది. ఫ్రాన్సులో ఇదే ఆటలో భూమి చుట్టూ తిరిగేది ఏది అని అడిగితే ప్రేక్షకుల్లో 56 శాతం సూర్యుడన్నారు. పాపం ఆ పోటీదారు వాళ్లనే నమ్మాడు. ఆడియన్స్‌ను దాచుకుని దాచుకుని పన్నెండో ప్రశ్న దగ్గర వాడేవారు అస్త్రం మొద్దుబారాక తీస్తున్నట్టే. ఎనిమిదో ప్రశ్నలోపు వాడేయాలి. వచ్చిన శాతాలను చదవడం కూడా రావాలి. హాల్లో 30 శాతం మందికి నిజంగా తెలిసి, మిగతావారు నాలుగింటి మధ్య గుడ్డిగా పంచుకున్నారనుకుందాం. అప్పుడు సరైనదానికి 47.5, మిగతా మూడింటికీ తలా 17.5 చొప్పున వస్తాయి. ఒకటి పొడుగ్గా, మూడు సమానంగా ఉంటే నమ్మొచ్చు. రెండు పొడుగ్గా, రెండు పొట్టిగా ఉంటే హాలు ఒక ఆకర్షణలో పడిందని అర్థం, అక్కడ మీ బుద్ధినే నమ్ముకోవాలి. ముందు రెండు తప్పు ఆప్షన్లను తీసేసే ఫిఫ్టీ ఫిఫ్టీ వాడి ఆ తరువాత ఆడియన్స్‌ను అడిగితే ఈ తేడా కనిపించదు. గుడ్డిగా కొట్టేవారంతా ఆ రెంటిలోనే సర్దుకుంటారు కదా.

ఫోన్ ఎ ఫ్రెండ్‌కు ఉండేది ముప్పై సెకన్లు. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు చదవడానికే పన్నెండు నుంచి పద్నాలుగు పడుతుంది. "బావా, బాగున్నావా, నేను హాట్ సీట్లో ఉన్నాను" అనేసరికి నాలుగు పోతాయి. ముందుగానే ఒప్పందం ఉండాలి: పలకరింపులు లేవు, ప్రశ్నలోని అలంకారాలు వదిలేసి సారం మాత్రమే చదవాలి, అవతలివాళ్లు జవాబుతో పాటు నూటికి ఎంత నమ్మకమో అంకె చెప్పాలి. "బావా, లోక్‌సభ స్పీకరుగానూ రాష్ట్రపతిగానూ చేసింది ఎవరు? గిరి, జాకీర్ హుసేన్, సంజీవరెడ్డి, వెంకటరామన్." "సంజీవరెడ్డి. తొంభై." ఇలా పది సెకన్లలో తేలిపోవాలి. 'అనుకుంటా', 'అయ్యుండొచ్చు' అనే జవాబులతో పోటీదారుకు ఒరిగేదేమీ లేదు. మిత్రుల్ని ఎంచుకునేటప్పుడు చుట్టరికం చూడొద్దు. ఒకరు చరిత్ర, రాజ్యాంగం తెలిసినవారు, ఒకరు సైన్సు, ఒకరు సినిమా, ఆటలు. ముగ్గురూ రికార్డింగ్ రోజంతా ప్రయాణాలు పెట్టుకోకుండా, సిగ్నల్ ఉన్న చోట, ఇంట్లో టీవీ, కుక్కరు శబ్దం లేకుండా ఉండాలి. వీడియో కాల్ ఉన్న సీజన్లలో అయితే నెట్ వేగం ముందురోజే చూసుకోవాలి.

ప్రశ్న మార్చుకునే ఫ్లిప్ ఉంటే అది బొత్తిగా దారీ తెన్నూ తెలియని ప్రశ్నకే. రెండు ఆప్షన్లు తీసేయగలిగిన ప్రశ్నను ఫ్లిప్ చేయడమంటే చేతిలో ఉన్న సగం జవాబును పారేయడం. ఒకే ప్రశ్నకు రెండుసార్లు జవాబు చెప్పనిచ్చే డబుల్ డిప్ ఉన్న సీజన్లలో ఒక మెలిక ఉంది. దాన్ని తీసుకున్నాక ఆట మానుకునే హక్కు పోతుంది, చెప్పి తీరాలి. అయితే ఒకే ప్రశ్నకు ఫిఫ్టీ ఫిఫ్టీ, డబుల్ డిప్ రెండూ వాడనిస్తే జవాబు నూటికి నూరు పాళ్లూ ఖాయం. మిగిలిన రెండూ వరుసగా చెప్పేయడమే. ఈ జంట కోసం ఆ రెంటినీ పైమెట్ల దాకా దాచుకోవచ్చు. నియమాలు ఒప్పుకుంటాయా అని రిహార్సల్ రోజే అడగాలి.

హిందీ కేబీసీకి వెళ్లే తెలుగువారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మొదటి ఐదు ప్రశ్నలు అందరికీ తేలికనుకుంటారు. కానీ అక్కడ తరచు వచ్చేవి హిందీ సామెతలో ఖాళీ పూరించడం, పాత హిందీ పాట పల్లవి, ఉత్తరాది వంటకం పేరు. లక్నో పిల్లవాడికి నవ్వులాట, మనకు ముళ్లబాట. పది వేల లోపే లైఫ్‌లైన్ పోగొట్టుకుని బెంబేలెత్తేవారిలో దక్షిణాదివాళ్లు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఓ నెల రోజులు హిందీ ముహావరాల (జాతీయాల) పుస్తకం ఒకటి, ఐదో తరగతి హిందీ వాచకం ఒకటి తిరగేస్తే ఈ గండం చాలావరకు గడుస్తుంది.

జవాబు తెలియనప్పుడు తీసివేతతో పట్టుకోవడం అనే విద్య గురించి కొంచెం విడమరచాలి. పైన ఫోన్‌లో అడిగిన స్పీకరు ప్రశ్ననే చూడండి. సంజీవరెడ్డి స్పీకరుగా చేశారని గుర్తులేకపోయినా ఫరవాలేదు. మిగతా ముగ్గురూ రాష్ట్రపతి కాకముందు ఉపరాష్ట్రపతులు. ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షత వహిస్తారు. అంటే ఆ ముగ్గురిదీ రాజ్యసభ దారి, లోక్‌సభ దారి మిగిలిన ఒక్కరిది. 2011లో కేబీసీలో సుశీల్ కుమార్‌కు 5 కోట్లు తెచ్చిన ప్రశ్న కూడా ఇలాంటిదే. 1868లో నికోబార్ దీవులను ఆంగ్లేయులకు అమ్మి మన దేశం నుంచి తప్పుకున్న యూరపు దేశం ఏది అన్నది ప్రశ్న. ఆప్షన్లలో ఫ్రాన్స్ ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉందని తెలిసిన తెలుగువాడు దాన్ని వెంటనే కొట్టేస్తాడు. తమిళ తీరాన తరంగంబాడిలో డేన్‌ల కోట ఉందని ఎక్కడో చదివి ఉంటే డెన్మార్క్ దానంతటదే పైకి తేలుతుంది. ఐదు కోట్ల ప్రశ్నకు కావలసిన సరుకు మన హైస్కూలు సాంఘిక శాస్త్రానికి అట్టే దూరంలో లేదు. హైదరాబాద్‌లో 1972 నుంచీ ఉన్న కె-సర్కిల్ లాంటి క్విజ్ క్లబ్బుల్లో అడిగే ప్రశ్నలు ఈ రకమే. ప్రశ్నలోనే ఆధారం పెడతారు, ఊహించి రాబట్టాలి. అలాంటి చోట నెలకు నాలుగు ఆదివారాలు కూర్చోవడం నాలుగు బిట్ బ్యాంకుల పెట్టు.

వర్తమానాంశాల గురించి ఒక్క మాట. ప్రశ్నలు రికార్డింగ్‌కు చాలా ముందే తయారవుతాయి. నిన్నటి పేపరు చదివి లాభం లేదు. గడచిన ఏడాదిలో అవార్డులు, పదవులు, ఆటల విజేతలు, ఉపగ్రహ ప్రయోగాలు నెలవారీగా రాసుకుంటే చాలు.

రికార్డింగ్ రోజుకు రెండు మూడు చిన్న జాగ్రత్తలు. ఒకే రోజు ఒకటికి మించి ఎపిసోడ్లు తీస్తారు, గంటల తరబడి కూర్చోవాలి. సన్న చారల చొక్కా, సన్న గడుల చీర కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి. పెద్ద అక్షరాల కంపెనీ గుర్తులున్న బట్టలు ఒప్పుకోరు. మైకు తగిలించడానికి కాలరో గట్టి అంచో ఉండాలి. సమయం ముగిసినట్టు హారన్ మోగితే ఆట మరుసటి ఎపిసోడ్‌కు జరుగుతుంది. అదే బట్టలతో మళ్లీ కూర్చోవాల్సి రావొచ్చు, కాబట్టి నలగని గుడ్డ మేలు. స్టూడియోలో ఏసీ చలి గట్టిగా ఉంటుంది. వయసు ధ్రువీకరణ, ఆధార్, పాన్, బ్యాంకు వివరాల నకళ్లు రెండేసి ఉంచుకోవాలి. ప్రసారమయ్యేదాకా ఫలితం బయట చెప్పకూడదన్న ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. వాట్సాప్ గ్రూపులో బావమరిది పెట్టిన 'కంగ్రాట్స్' కూడా ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. డబ్బు చేతికొచ్చేది మామూలుగా ప్రసారం తరువాతే. ఈలోగా ఆ సొమ్ము చూపించి అప్పు చేయొద్దు.

పన్ను దగ్గరికొద్దాం. కోటి గెలిచారని మీ పత్రికతో సహా అందరూ పతాక శీర్షిక పెడతారు. 2021 నవంబరులో మన తెలుగు షోలో కొత్తగూడేనికి చెందిన సబ్ ఇన్‌స్పెక్టర్ గెలిచినప్పుడూ అదే చేశారు. చేతికి ఎంత వస్తుందో మాత్రం ఎవరూ రాయరు. ఇలాంటి పోటీల సొమ్ము మీద ఆదాయపు పన్ను నేరుగా 30 శాతం. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు దీనికి వర్తించదు. వేరే ఆదాయం లేని గృహిణికైనా, విద్యార్థికైనా అదే రేటు. బీమా, పీఎఫ్ చూపించి తగ్గించుకోవడం కుదరదు, ముంబయి వెళ్లి వచ్చిన ఖర్చులూ తీసేయనివ్వరు. రిటర్ను వేస్తే రీఫండు వస్తుందని చెప్పే మధ్యవర్తుల్ని నమ్మొద్దు.

అసలు చిక్కు మరోచోట ఉంది. షో వాళ్లు టీడీఎస్ కింద పట్టుకునేది 30 శాతమే. దాని మీద 4 శాతం సెస్సు, ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి గెలిచినవారే కట్టుకోవాలి. 3,20,000 గెలిస్తే 96,000 పట్టుకుని 2,24,000 ఇస్తారు, మీరు ఇంకో 3,840 కట్టాలి. పాతిక లక్షలకు 7,50,000 పట్టుకుంటారు, మీ వంతు 30,000. కోటికి 30 లక్షలు పట్టుకుంటారు. వేరే ఆదాయమే లేదనుకున్నా 10 శాతం సర్‌చార్జి 3 లక్షలు, ఆ 33 లక్షల మీద సెస్సు 1,32,000. వెరసి పన్ను 34,32,000. అంటే 70 లక్షలు ఖాతాలో పడ్డాక మరో 4,32,000 మీరే చెల్లించాలి, మిగిలేది 65,68,000. జీతం కూడా ఉండి మొత్తం కోటి దాటితే సర్‌చార్జి 15 శాతానికి పెరుగుతుంది. ఈ బకాయిని ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన ముందస్తు పన్ను వాయిదాల్లో, వాయిదాలేవీ మిగలకపోతే మార్చి 31 లోగా కట్టేస్తే వడ్డీ గొడవ ఉండదు. తెలియక డెబ్బై లక్షలూ స్థలం మీద పెట్టేసి, మరుసటి ఏడాది నోటీసు చూసుకుని చేతులు నలుపుకోవడం ఎందుకు? కారు బహుమతిగా వస్తే దాని విలువ మీద కూడా ఇదే 30 శాతం. పన్ను జమ అయ్యాకే తాళాలు ఇస్తారు కాబట్టి ఆ నగదు చేతిలో ఉంచుకోవాలి. ఈసారి విజేత వార్త వేసినప్పుడు పక్కన చిన్న పెట్టెలో ఈ లెక్క కూడా వేయండి, మీ పాఠకులకు ఏ బిట్టూ చేయని మేలు చేసినవారవుతారు.

చివరగా, ఏ పోటీకీ వెళ్లని మీ పాఠకులకు కూడా తగిలే సంగతి. 'కేబీసీ లాటరీలో మీ నంబరుకు 25 లక్షలు వచ్చాయి' అని అమితాబ్ బొమ్మతో వాట్సాప్ సందేశాలు, ఆడియోలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. చాలావాటిలో నంబరు +92తో, అంటే పాకిస్తాన్ కోడ్‌తో మొదలవుతుంది. కేబీసీకి లాటరీ అనేదే లేదు. ఆడకుండా ఎవరూ గెలవరు. పన్ను ముందే కట్టండి, ప్రాసెసింగ్ ఫీజు పంపండి అని ఎవరైనా అడిగారంటే మోసమని అక్కడే తేలిపోయింది. నిజమైన పన్ను బహుమతిలోంచే తగ్గుతుంది, ఎవరి ఫోన్ నంబరుకూ పంపాల్సిన పని ఉండదు. ఇప్పటికే పంపేసినవారు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. డబ్బు అవతలి ఖాతాలోంచి దాటిపోకముందే ఆపించే వీలుంటుంది, గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గుతుంది.

ఇట్లు,
కొందరు క్విజ్ నిర్వాహకులు, హనుమకొండ